నావ కట్టేవాడిది ఏ గడి?

పోయిన వేసవిలో మా అన్నయ్య కొడుకు ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో పేరు నమోదు చేయించుకోవడానికి ఒక సేవాకేంద్రానికి వెళ్ళాడు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన ఈ పథకంలో 18 సంప్రదాయ వృత్తుల జాబితా ఉంది. మొదటిది వడ్రంగం, రెండోది పడవల తయారీ, చిట్టచివరిది చేపల వలల తయారీ. మావాడు రెండోదాని మీద వేలు పెట్టాడు. కంప్యూటరు ముందున్న మనిషి కులం అడిగాడు. చెప్పాడు. 'అగ్నికులక్షత్రియులంటే మీది వల కదయ్యా, పద్దెనిమిదోదాంట్లో రాస్తాను' అన్నాడాయన. 'మా తాత నావలు కట్టేవాడండీ, నేనూ ఆయన దగ్గర బాడిత పట్టినవాణ్ణే' అన్నాడు మావాడు. 'నావలు కట్టేది వడ్రంగులు, వాటి మీద వేటకెళ్ళేది మీరు. రేపు విచారణలో తిప్పికొడతారు, నా మాట విను' అని ఆయన సలహా ఇచ్చాడు.

ఆయన దుర్మార్గుడేమీ కాడు. వరుసలో ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు, పని తెమలాలి. పథకం నిబంధనల్లో ఫలానా వృత్తికి ఫలానా కులం అని ఎక్కడా లేదన్న మాటా నిజమే. అయితే లబ్ధిదారుడిని నిర్వచించేచోట 'కుటుంబపరంగా వచ్చే సంప్రదాయ వృత్తి' అనే మాట ఉంది. ఢిల్లీలో రాసిన ఆ మాటను గ్రామ పంచాయతీ స్థాయిలో ఎవరైనా ఎలా చదువుతారు? ఆ గుమాస్తా చదివినట్టే చదువుతారు. మావాడు ఏ గడిలోనూ పేరు రాయించుకోకుండా ఇంటికి వచ్చి, 'బాబాయ్, తాత ఏ కులపోడు?' అని నాకు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళుగా కులం గురించి పాఠం చెబుతున్నవాణ్ణి, చప్పున జవాబు చెప్పలేకపోయాను.

మాది కోరంగి మడ అడవుల అంచున గోదావరి పాయ పక్కనున్న పల్లె. 1970 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం మేము వెనుకబడిన తరగతుల్లో 'ఎ' వర్గం. పల్లి, వాడబలిజ, జాలరి, బెస్త, గంగపుత్ర తదితరులందరితో కలిపి ఒకే వరుసలో మా పేరుంటుంది. వడ్రంగులు విశ్వబ్రాహ్మణుల పద్దులో, 'బి' వర్గంలో ఉంటారు. ఒకరికి 7 శాతం, మరొకరికి 10 శాతం. కాగితం మీద ఈ రెండూ వేరువేరు గదులు. మా నాన్న మాత్రం ఆ రెండు గదుల మధ్య గోడలో ఓ కంత చేసుకుని బతికాడు. పదిహేనో ఏట తాళ్లరేవు దగ్గర ఒక ఆచారిగారి కింద కర్ర మోయడానికి కుదిరి, ఆరేడేళ్ళు మోసి, తర్వాత సొంతంగా నావలు కట్టాడు. చచ్చేదాకా ఆయన్ను 'గురువుగారు' అనే అన్నాడు.

ఆ పని ఎలా జరిగేదో చెప్పకుండా వాదనలోకి వెళ్ళడం నాకిష్టం లేదు. కులవృత్తుల గురించి రాసేవాళ్ళు వృత్తి పేరు చెప్పి పని గురించి చెప్పకుండా దాటవేయడం మన పత్రికల్లో అలవాటైపోయింది.

ముందు నేల మీద అడుగుదూలం పడుతుంది. నావ వెన్నెముక అదే. దానికి మద్ది లాంటి గట్టి, బరువైన కర్ర కావాలి. దాని ముందు కొసన ముక్కుకర్ర, వెనుక కొసన చుక్కాని కట్టే కర్ర నిలబెడతారు. ఈ రెంటి మధ్యా ఒక తాడు బిగించి కడితే అదే నావకు మధ్యరేఖ. ఆ తాడు తప్ప నాన్న దగ్గర పటం లేదు, లెక్కల కాగితం లేదు. మూర, జాన, బెత్తెడు, వేలు అనే కొలతలు ముళ్ళుగా వేసిన ఇంకో తాడు మాత్రం నడుముకు చుట్టుకుని ఉండేది. పక్కటెముకలకు నల్లతుమ్మ వాడేవారు. తిన్నని కర్రను వంపుగా కోస్తే పోగు అడ్డంగా తెగి, కెరటం దెబ్బకు అక్కడే విరుగుతుంది. అందుకని పుట్టుకతోనే వంగిన కొమ్మను వెతకాలి. నాన్న బస్సులో వెళ్తూ కిటికీలోంచి పొలాల గట్ల మీది తుమ్మచెట్లను చూస్తూ, 'అదిగో నాలుగో ఎముక' అనడం నాకు గుర్తు. చెట్టు నరకకముందే ఆయన కంటికి నావలో దాని చోటు కనిపించేది.

పలకలు టేకువి. అంగుళం మందం ఉన్న పలకను మెలితిప్పి ముక్కుకర్ర దగ్గరకు తీసుకురావడమే అన్నిటికన్నా కష్టం. పలకను తడిపి, కింద కొబ్బరిమట్టల మంట పెట్టి, ఒక కొసకు రాళ్ళు వేలాడగట్టి, అది తనంతట తాను లొంగేదాకా కాచుకోవాలి. తొందరపడితే చీలుతుంది, ఆలస్యం చేస్తే మాడుతుంది. ఆ పదునును నాన్న వాసనతో గుర్తుపట్టేవాడు. పలకల సందుల్లో పత్తి పేని దూర్చి, గుగ్గిలం నూనెలో కరిగించి పూసేవారు. ఆ పత్తి పేనడం మా అమ్మా పిన్నీ చేసేవారు. అడుగు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేలా కట్టేవారు, ఎందుకంటే గోదావరి మొగలో ఇసుకమేటలు ఏ ఏటికా ఏడు చోటు మారుతుంటాయి. మోకాలిలోతు నీళ్ళలోనూ నావ నడవాలి, మొగ దాటాక కెరటానికీ తట్టుకోవాలి. ఒకదానికి మంచి చేసే ఆకారం రెండోదానికి చెడు చేస్తుంది. ఈ రెంటి మధ్య రాజీ ఎంత దూరంలో కుదురుతుందన్నదే రూపకల్పన. నౌకానిర్మాణ శాస్త్రంలో మొదటి సంవత్సరం చెప్పే పాఠం కూడా ఇదేనని మా ఇంజినీరింగ్ మిత్రులు అంటారు.

ఏటా వేసవిలో నావను ఇసుక మీదికి లాగి బోర్లించేవారు. ఉప్పునీటి పురుగు కర్రను లోపలినుంచి తొలిచేస్తుంది. పైకి పలక నున్నగానే ఉంటుంది, లోపల జల్లెడ. ఉలి వెనుకవైపుతో కొట్టుకుంటూ పోతే, బోలుగా మోగినచోట సుద్దముక్కతో గీత పడేది. ఆ మేరకు కోసి కొత్త ముక్క అతికి, అడుగుకు పొగపెట్టి, జీడినూనె, తారు పూసేవారు. అట్లా పదిహేను, ఇరవై ఏళ్ళు నడిచిన నావలో మొదట వేసిన పలకలు సగం కూడా మిగిలి ఉండేవి కావు. అయినా ఆ నావకు అదే పేరు.

ఇప్పుడు గ్రంథం వైపు వెళ్దాం. భోజరాజు పేరు మీద ప్రచారంలో ఉన్న 'యుక్తికల్పతరువు' అనే సంస్కృత గ్రంథంలో నావల ప్రస్తావన ఉంది. రాధాకుముద్ ముఖర్జీ 1912లో ప్రచురించిన భారతీయ నౌకాయాన చరిత్రలో దీన్ని విరివిగా వాడుకున్నారు. ప్రాచీన భారతదేశంలో నౌకాశాస్త్రం ఉండేదని గర్వంగా చెప్పేవారంతా నేటికీ దీన్నే చూపిస్తారు. అందులో కర్రకు నాలుగు వర్ణాలు చెప్పారు. తేలికగా, మెత్తగా ఉండి దేనితోనైనా అతికేది బ్రాహ్మణ కర్ర. తేలికగా ఉండి గట్టిగా ఉండేది, ఇతర వర్ణాలతో కలవనిది క్షత్రియ కర్ర. మెత్తగా బరువుగా ఉండేది వైశ్య కర్ర. గట్టిగా బరువుగా ఉండేది శూద్ర కర్ర. క్షత్రియ కర్రతో కట్టిన నావ సుఖసంపదలిస్తుందట. వేర్వేరు వర్ణాల కర్రలు కలిపి కట్టిన నావ ఎక్కువకాలం మన్నదట, నీటిలో కుళ్ళి, చిన్న దెబ్బకే పగిలి మునుగుతుందట. ఇనుము వాడితే సముద్రంలోని అయస్కాంత శిలలు లాగేసుకుంటాయన్న హెచ్చరిక కూడా ఉంది.

దీన్ని తరగతిలో చదివి వినిపించినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మా నాన్న నావలో అడుగుదూలం మద్ది, ఎముకలు తుమ్మ, పలకలు టేకు, తెరచాపకొయ్య సరుగుడు, మేకులు కమ్మరి కొలిమివి. ఆ గ్రంథం లెక్కన అది పూర్తిగా వర్ణసంకరం. సంకరం కాని నావ ఒక్కటి కూడా ఏ రేవులోనూ తేలదు. గట్టి బరువు కర్ర అడుగున లేకపోతే పైనున్న తేలిక కర్ర తలకిందులవుతుంది. ఈ సంగతి కర్ర కోసినవాడికి తెలుసు. రాసినవాడికి తెలియకపోవడంలో వింత లేదు. బాడిత పట్టినవాడిని ఆయన అడిగి ఉండడు, అడిగినా చెప్పింది రాయదగినదిగా తోచి ఉండదు.

కర్రల సంకరాన్ని నిషేధించిన సంప్రదాయమే పడవ నడిపేవాడిని సంకరజాతిగా నిర్ణయించింది. మనుస్మృతి పదో అధ్యాయంలో పడవ పని మీద బతికే కైవర్తుడు నిషాదుడికి పుట్టిన మిశ్రమజాతివాడు. మూడో అధ్యాయంలో సముద్రయానం చేసినవాడిని శ్రాద్ధానికి పిలవకూడని వారి జాబితాలో చేర్చారు. బౌధాయన ధర్మసూత్రంలోనైతే సముద్రయానం పతనహేతువుల్లో ఒకటి. అంటే సముద్రం మీదికి వెళ్ళడం పాపం, వెళ్ళేవాడిది నీచజన్మ, కానీ ఆ సముద్రం తెచ్చిపెట్టే కర్పూరం, పట్టు, ముత్యాలు మాత్రం గుడికీ కోటకీ పవిత్రమే.

ఇది నా మీద నేను చేసుకోవలసిన ఫిర్యాదు కూడా. నా పీహెచ్‌డీ మధ్యయుగాంధ్ర తీర వాణిజ్యం మీద. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం దానికి గుండెకాయ. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప మరేదీ తీసుకోననీ ఆ రాజు వర్తకులకు అభయమిచ్చాడు. ఆ శాసనంలోని ప్రతి సుంకం రేటునూ విశ్లేషించాను. శాతవాహనుల సీసపు నాణేల మీది రెండు కొయ్యల ఓడ గురించి ఒక అధ్యాయమే రాశాను. మూడు వందల చిల్లర పేజీల్లో ఓడ కట్టినవాడి గురించి ఒక్క పేరా లేదు. మా ఇంటి వెనుక కొట్టంలో బాడిత చప్పుడు వింటూ పెరిగినవాడు రాసిన గ్రంథమది! నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అట్ట మీది ఓడ బొమ్మను చూసి, 'కొయ్య మరీ ముందుకు పెట్టేశాడు, మొగలో మూతి ముంచేస్తది' అన్నాడు. నాణెం మీది ముద్రను విమర్శిస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన చదివింది బొమ్మను కాదని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. పదిహేడో శతాబ్దిలోనే నర్సాపురం, దాని పక్కనున్న మాధవాయిపాలెం ఓడల నిర్మాణానికి పేరుపొందాయి. యూరోపియన్ కంపెనీలు తమ ఓడలను అక్కడ కట్టించుకున్నాయి, బాగుచేయించుకున్నాయి. తర్వాతి కాలంలో కోరంగి ఆ పేరు సంపాదించింది. కలకత్తాకూ ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలను మరమ్మతుకు చేర్చుకోగల రేవు అదొక్కటేనని వలసపాలకుల గెజెటీర్లు రాశాయి. 1789, 1839 తుపానులు ఆ రేవు నడుం విరగ్గొట్టాయి, గోదావరి ఒండ్రు మిగిలిన పని పూర్తిచేసింది. తర్వాత జరిగింది మన వాళ్ళు పెద్దగా చెప్పుకోరు. రేవు పోయాక అదే తీరం నుంచి వేలాదిమంది బర్మా వెళ్ళారు. అక్కడ తెలుగు కూలీలందరికీ 'కోరంగీ' అనే పేరు స్థిరపడింది, అదీ ఈసడింపుగా. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నది, చచ్చింది ఆ కోరంగీలే. ఓడలు కట్టిన ఊరి పేరు మూటలు మోసేవాడి మీద తిట్టుగా మారిందన్నమాట.

ఇక ఈ మధ్యకాలపు మాట. 2025 మే 21న కార్వార్‌లో భారత నౌకాదళం ఒక కుట్టు ఓడను తనలో చేర్చుకుంది. అజంతా గుహాచిత్రంలోని ఓడను ఆధారం చేసుకుని, మేకు అన్నది లేకుండా, పలకలను కొబ్బరినార తాడుతో కుట్టి కట్టిన ఓడ అది. ఖర్చు కేంద్ర సాంస్కృతిక శాఖది, కట్టింది బాబు శంకరన్ నాయకత్వంలోని కేరళ పనివారు, నీటిలో నమూనా పరీక్షలు చేసింది మద్రాసు ఐఐటీ. ప్రభుత్వ ప్రకటనల్లో ఆ మేస్త్రి పేరు రావడం మంచి విషయం, దాన్ని తక్కువ చేయను. ఓడ కూడా నిజంగా గొప్పది. కానీ దానికి పెట్టిన పేరు కౌండిన్య. ఆగ్నేయాసియాకు ఓడలో వెళ్ళి అక్కడి రాకుమారిని పెళ్ళాడి రాజ్యం స్థాపించాడని చెప్పే ఐతిహ్యంలోని నావికుడు. చంపా రాజ్యంలోని మీసాన్ దగ్గర దొరికిన ఏడో శతాబ్దపు శాసనం అతన్ని బ్రాహ్మణోత్తముడని చెబుతుంది. (మన గౌడ సోదరులు కౌండిన్యుణ్ణి తమ మూలపురుషుడంటారు. ఆ కౌండిన్యుడి గుర్తుగా పెట్టారని ఎవరూ అనలేదు.) సముద్రం దాటితే పతితుడవుతాడన్న ధర్మసూత్రం ఒక పక్క, సముద్రం దాటిన బ్రాహ్మణుడి పేరుతో ఓడ మరో పక్క. ఈ రెంటి మధ్యా వేల ఏళ్ళు తాడు పేని, పలక కుట్టి, కెరటం మీదికి తోసినవాళ్ళకు పేరు పెట్టేటప్పుడు చోటు దొరకలేదు.

కుట్టు పడవ కోసం అజంతా దాకా వెళ్ళనక్కరలేదు కూడా. మన ఉత్తరాంధ్ర తీరంలో, ఒడిశా తీరంలో మొన్నమొన్నటి దాకా పెద్దవల వేయడానికి కుట్టు పడవలే వాడారు. యూరోపియన్లు వాటిని 'మసూలా' పడవలన్నారు. వాటికి లోపల ఎముకలుండవు. కెరటం కొట్టినప్పుడు మేకులతో బిగించిన పడవ పగులుతుంది, కుట్టుపడవ ఒళ్ళు విరుచుకుని మళ్ళీ సర్దుకుంటుంది. మద్రాసుకు రేవు కట్టకముందు ఓడ దిగిన దొరలు, దొరసానులు ఒడ్డు చేరింది ఈ పడవల్లోనే. అవి కుట్టే చేతులు మన పల్లెల్లో ఉండగానే ఆ విద్య మన కళ్ళముందే అంతరించింది. బతికున్నప్పుడు వెనుకబాటుతనం, పోయాక వారసత్వం.

చెక్క నావ ఎలా పోయిందన్న దానికి ఒకే కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను. టేకు ధర పెరిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వులతో అడవుల నరికివేతకూ, కోతమిల్లులకూ కట్టడి పడింది. అంతకు ఓ నెల ముందే, నవంబరు 6 తుపానులో, భైరవపాలెం, బలుసుతిప్ప పల్లెలు ఎంతమందిని పోగొట్టుకున్నాయో మా వైపు తెలియనివారుండరు. 1980ల నుంచే ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాయి. 2004 సునామీ తర్వాత సహాయంగా పంచిన వాటిలోనూ ఫైబర్‌వే ఎక్కువ. ఫైబర్ పడవ తేలిక, పురుగు పట్టదు, వేటకెళ్ళేవాడు దాన్ని కోరుకోవడంలో తప్పులేదు. నాన్న కూడా తప్పు పట్టలేదు. అచ్చు ఒకటి చాలు, దాంట్లోంచి ఎన్ని పడవలైనా వస్తాయి. ఆ అచ్చు తయారుచేయడానికి మాత్రం ఒక యార్డు యజమాని నాన్ననే పిలిచాడు. ఆయన కట్టిన నావ ఆకారం మీద అచ్చు తీసుకున్నాడు. అందుకు ఆయనకు ముట్టింది నాలుగు రోజుల కూలి. ఒక ఇంజినీరు ఇదే ఆకారాన్ని కాగితం మీద గీసి ఉంటే దాన్ని డిజైన్ అనేవారు, ప్రతి పడవకూ రుసుము లెక్కగట్టేవారు. ఇప్పుడు మా అన్నకొడుకు అటువంటి యార్డులోనే రోజుకూలి, గాజుపీచు మీద జిగురు పులుముతాడు. సాయంత్రానికి చేతులు దురద, ఊపిరినిండా జిగురు వాసన.

మా వైపు తప్పులు దాచిపెట్టి ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు. ఆచారిగారు నాన్నకు అన్నీ నేర్పినా, ముక్కుకర్ర వాలు ఎంత పెట్టాలన్న కొలత మాత్రం నేర్పలేదు. అది ఆయన కొడుకులకే. నాన్న రెండేళ్ళు దొంగచాటుగా చూసి, జానతో కొలిచి నేర్చుకున్నాడు. అదే నాన్న, తన దగ్గర రంపపు కోత కోసిన మాలపేట మనుషులను కోత దాటి ముందుకు రానివ్వలేదు. దుంగను నిలువునా కోసి అంగుళం పలక తీయడంలో వాళ్ళ చెయ్యి ఆయన చేతికన్నా నిలకడైనది. అయినా బాడిత వాళ్ళకు ఇవ్వలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. 'వాళ్ళు అడగలేదు' అన్నాడు. అడిగే వీలు ఎక్కడుంది? నావకు పత్తి పేనిన మా అమ్మ, నావ నీళ్ళలోకి దిగేరోజు దాన్ని ముట్టుకోకూడదు. గంగమ్మ పూజకు పసుపు కుంకుమ పళ్ళెం అందించి దూరంగా నిలబడేది. మేస్త్రికి కొత్త పంచెలు, కోతగాళ్ళకు కల్లు, ఆడవాళ్ళకు ప్రసాదం. ఒక నావ చుట్టూ ఇన్ని మెట్లు.

విశ్వకర్మ పథకం మీద నా అభ్యంతరం ఇక్కడినుంచి పుడుతుంది. ఐదేళ్ళకు 13,000 కోట్లు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం, రోజుకు 500 భత్యంతో అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ. ఈ లక్షతో ఓ మోస్తరు నావకు కావలసిన కలప కూడా రాదు, సరే, అది చిన్న గొడవ. పెద్ద గొడవ 'కుటుంబం' అన్న మాట. ఆ మాట ప్రకారం నాన్న అర్హుడు కాడు, ఆయన తండ్రి వల లాగినవాడు. కోతగాళ్ళ పిల్లలు అర్హులు కారు, వాళ్ళ కుటుంబ వృత్తి నావ కట్టడమని ఎవరూ ఒప్పుకోరు. మా అమ్మ లెక్కలోనే లేదు. ఆచారిగారి మనవడు అర్హుడు, కానీ అతను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బాడిత ఏ వైపు పదునుంటుందో కూడా ఎరగడు. విద్య నెత్తురులో ప్రవహిస్తుందన్న నమ్మకం మీద కట్టిన నిబంధన నిజంగా విద్య ఉన్నచోటును గుర్తించలేదు.

తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో ఈ పథకాన్ని ఉన్నది ఉన్నట్టు అమలు చేయబోమని కేంద్రానికి తెలిపింది. కుటుంబ వృత్తి నిబంధన తీసేయాలనీ, కనీస వయసును 18 నుంచి 35కు పెంచాలనీ కోరింది. పద్దెనిమిదేళ్ళవాడు కళాశాలకు వెళ్ళాలి గానీ తాత ఉలి దగ్గరకు కాదన్నది అక్కడి వాదన. తర్వాత కులంతో, కుటుంబంతో నిమిత్తం లేని మరో పథకం తెచ్చుకుంది. వాళ్ళకు 1953 నాటి అనుభవం ఉంది. రాజాజీ తెచ్చిన విద్యా విధానంలో పిల్లలు సగం పూట బడిలో, సగం పూట ఇంటి వృత్తిలో గడపాలన్నారు. దాన్ని 'కులవిద్యా పథకం'గా అక్కడి ప్రజలు గుర్తించి ఎదిరించారు, మరుసటి ఏడాది కామరాజ్ వచ్చాక అది రద్దయింది. మన రెండు రాష్ట్రాల్లో ఈ చర్చ జరగవలసినంతగా జరగలేదు. బీసీ సంఘాలు ఎంతమందికి రుణం వచ్చిందని అడుగుతున్నాయి, మత్స్యకార సంఘాలు ఎస్టీ హోదా గురించి అడుగుతున్నాయి. రెండూ అడగవలసినవే. నిబంధనలోని ఆ ఒక్క మాట గురించి మాత్రం అడిగేవారు అరుదు.

వయసు పెంచాలన్న తమిళనాడు వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. నాన్న నాచేత ఉలి పట్టనివ్వలేదు. పుస్తకం పట్టుకుని కొట్టంలోకి వస్తే సరే, వట్టి చేతులతో వస్తే తిట్టేవాడు. ఆ తిట్లే నన్ను ఇక్కడిదాకా తెచ్చాయి. కానీ కళాశాలా, కొట్టమూ రెండూ ఒకదాన్నొకటి కాదనుకునే ఏర్పాటు ఎవరు చేశారు? నౌకానిర్మాణ శాస్త్రాన్ని ఖరగ్‌పూర్‌లో 1950ల నుంచి బోధిస్తున్నారు. మద్రాసులో, కొచ్చిలో, మన విశాఖలో ఆ విభాగాలున్నాయి. విశాఖ నౌకానిర్మాణ కేంద్రం నుంచి 1948లో 'జల ఉష' నీటిలోకి దిగింది. ఈ ముచ్చటంతటిలో తీరపు పల్లెల మేస్త్రికి దొరికిన చోటు ఎంత? యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే ఏర్పాటు తెచ్చింది. పట్టాలతో పనిలేకుండా తమ రంగంలో పదిహేనేళ్ళ అనుభవమున్న నిపుణులను విశ్వవిద్యాలయాలు బోధనకు పిలవవచ్చు. ఒక విద్యావిషయక సమావేశంలో ఈ ఏర్పాటు కింద ఓ నావ మేస్త్రిని పిలుద్దామని ప్రతిపాదించాను. 'ఆయన ఏ విభాగంలోకి వస్తారు?' అని ఒకరు అడిగారు. 'హస్తకళల మేళాకు పిలుద్దాం' అని ఇంకొకరన్నారు. కార్పొరేట్ సంస్థలో పదిహేనేళ్ళు చేసిన వ్యక్తి విషయంలో ఆ ప్రశ్న రాలేదు. ఆ రోజు నాకు సేవాకేంద్రం గుమాస్తా మీది కోపం పూర్తిగా పోయింది. ఆయన దగ్గర పద్దెనిమిది గడులైనా ఉన్నాయి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పడవ కట్టడం వచ్చా రాదా అన్నది కట్టించి చూడండి, తాత పేరు అడగకండి. నేర్పగలిగినవాడికి నేర్పినందుకు జీతం ఇవ్వండి. నేర్చుకునేవాడు మాలపేట నుంచి వచ్చినా, బ్రాహ్మణవీధి నుంచి వచ్చినా, అమ్మాయి అయినా సరే చేర్చుకోండి. అచ్చుకు ఆకారమిచ్చినవాడికి ఆ ఆకారం మీద హక్కు ఇవ్వండి. వీటిలో ఏ ఒక్కటీ కుటుంబ వృత్తి అన్న మాటతో పొసగదు.

నాన్న కట్టిన చివరి నావ మా ఊరి పాయలో, ఒడ్డు మీద బోర్లా పడి ఉంది. ఈ సంక్రాంతి సెలవుల్లో ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకుని దాన్ని కొలవడానికి వెళ్ళాను. వాళ్ళలో ఒకమ్మాయి, నాన్న దగ్గర కోత కోసిన మనిషి మనవరాలు. లోపలి ఎముకలను టేపుతో కొలుస్తూ, 'సార్, ఇది మా తాత కోసిన పలకేనా?' అని అడిగింది. తెలియదన్నాను. మా అన్నకొడుకు వంగి, పలక మీది రంపపు గాట్లను వేలితో తడిమి, 'ఇంత సన్నంగా కోసేది ఆయనొక్కడే' అన్నాడు. తర్వాత అటక మీద దొరికిన నాన్న కొలతల తాడును తెచ్చి నావ పొడవునా పరిచాం. మొదటి ముడి ముక్కుకర్ర వాలుకు సరిపోయింది, రెండోది మధ్య వెడల్పుకు, మూడోది చుక్కాని ఎత్తుకు. నాలుగో ముడి దేనికో ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మాయి తాడు పట్టుకుని నావ చుట్టూ రెండుసార్లు తిరిగింది. పొద్దు వాలింది, ఆటు పోటుగా మారి పాయలోకి నీళ్ళు ఎక్కుతున్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామని చెప్పి తాడు చుట్టి వాడికే ఇచ్చాం.